సియాటిల్ నుంచి మంచు కొండలకు: ఏ రోజు, ఏ కొండ

అమెరికా వాయవ్య మూలన, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున, దాదాపు సముద్ర మట్టంలోనే ఉన్న సియాటిల్ నగరంలో చలికాలమంతా వాన చినుకులే తప్ప నేల మీద నిలిచే మంచు అరుదు. నగరానికి తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగే కాస్కేడ్ పర్వతశ్రేణి మీద మాత్రం ఏటా పదుల అడుగుల మంచు కురుస్తుంది. గంట నుంచి మూడు గంటల ప్రయాణంలో అందే స్కీయింగ్ కేంద్రాలు ఆ శ్రేణి మీద అరడజను దాకా ఉన్నాయి కనుక, తెల్లవారుజామున బయలుదేరి, పగలంతా మంచు వాలుల మీద గడిపి, రాత్రి భోజనానికి ఇల్లు చేరుకోవడం ఆ నగరవాసులకు అలవాటైన వినోదం. రెడ్‌మండ్, బెల్వ్యూ, ఇసాక్వా, సమామిష్ వంటి తూర్పు శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా పిల్లల ద్వారానో, సహోద్యోగుల ద్వారానో ఈ వినోదంలో అడుగుపెడుతున్నాయి.

ఈ కేంద్రాలన్నీ ఒకే శ్రేణి మీద ఉన్నా, ఒకే రోజున ఒకచోట వాన, మరొకచోట తడి మంచు, ఇంకొకచోట పొడి మంచు పడుతుంటాయి. చాలామంది దగ్గరగా ఉన్నదాన్నో, ఆ ఉదయం ఎక్కువ అంగుళాల కొత్త మంచు ప్రకటించినదాన్నో ఎంచుకుంటారు. ఆ అంగుళాల లెక్క కంటికి ముందుగా ఆనినా, గడచిన మూడు రోజుల్లో ఏ ఎత్తు దగ్గర మంచు వానగా మారింది, ఆ మార్పు ఏ వరుసలో జరిగింది అన్న రెండు విషయాలు తెలిస్తే తప్ప ఆ లెక్కకు అర్థం ఏర్పడదు. మంచి రోజును, మంచి కొండను కలిపి పట్టుకోగలిగేవారు చూసేది ఈ రెండింటినే.

కాస్కేడ్ మంచుకు మూలం పసిఫిక్ మహాసముద్రం. అక్కడి తేమగాలి పడమటి నుంచి వచ్చి, పర్వతాల పడమటి ముఖాన్ని తాకి పైకి లేస్తుంది. పైకి లేచేకొద్దీ చల్లబడి, మోయలేని తేమను మంచుగానో వానగానో దించేస్తుంది. సముద్రం దగ్గరగా ఉండటం వల్ల తేమకు కొదవ లేదు గాని, అదే కారణంగా ఆ గాలి ఉష్ణోగ్రత చలికాలంలోనూ సున్నా డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఊగిసలాడుతుంది. అందువల్ల ఇక్కడి మంచు విస్తారమే కాని బరువైనది. పది అంగుళాల మంచు కరిగి ఒక అంగుళం నీరు వస్తే ఆ మంచు సాంద్రత పది శాతమని అంటారు. తేలికైన మంచుకు పేరుపడిన యూటా రాష్ట్రంలో ఈ సాంద్రత సగటున ఎనిమిది శాతం చుట్టూ ఉంటే, కాస్కేడ్ పడమటి వాలులలో పది శాతాన్ని దాటడం మామూలు. స్థానికులు దీన్నే ‘కాస్కేడ్ కాంక్రీట్’ అని పిలుస్తారు. బరువైన మంచులో స్కీలు తేలికగా తిరగవు, కాళ్లు త్వరగా అలసిపోతాయి. అయితే ఈ మంచుకు ఒక సుగుణమూ ఉంది: రాళ్లను, పొదలను త్వరగా కప్పి, గట్టిగా అదుముకొని, వసంతం దాకా నిలుస్తుంది.

వాతావరణ సూచనల్లో కనిపించే రెండు మాటలను విడివిడిగా అర్థం చేసుకోవాలి. ‘ఫ్రీజింగ్ లెవెల్’ అంటే గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు. ‘స్నో లెవెల్’ అంటే కిందికి పడుతున్న మంచు కరిగి వానగా మారే ఎత్తు. మంచు రేణువు వెచ్చని గాలిలోకి దిగిన వెంటనే కరగదు, కొంత దూరం ప్రయాణించాకే కరుగుతుంది కనుక, స్నో లెవెల్ సాధారణంగా ఫ్రీజింగ్ లెవెల్ కన్నా వెయ్యి అడుగులు కిందుగా ఉంటుంది. సూచనలో ఫ్రీజింగ్ లెవెల్ 4,500 అడుగులు అని ఉంటే, దాదాపు 3,500 అడుగుల పైన మంచు, ఆ కింద వాన అని స్థూలంగా లెక్కవేయవచ్చు. వెయ్యి అడుగులు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు రెండు డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది కనుక, ఒకే కొండ పాదంలో తడిసి ముద్దయ్యే మంచు శిఖరం దగ్గర పొడిగా ఉండటమూ సాధ్యమే.

ఈ లెక్కను కేంద్రాల ఎత్తులతో పోల్చి చూసినప్పుడే ఎంపిక ఒక రూపానికి వస్తుంది. సియాటిల్ నుంచి ఐ-90 రహదారి మీద దాదాపు గంటలో చేరగల స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 3,022 అడుగులు మాత్రమే. అక్కడి ‘సమిట్ ఎట్ స్నోక్వాల్మీ’ కేంద్రానికి చెందిన నాలుగు భాగాల్లో మూడు ఈ కనుమ చుట్టూ ఉన్న తక్కువ ఎత్తు గుట్టల మీదే ఉండగా, నాలుగోదైన ఆల్పెంటల్ మాత్రం నిటారైన వాలులతో 5,400 అడుగుల దాకా లేస్తుంది. యు.ఎస్. 2 రహదారి మీద రెండు గంటల దూరంలో ఉన్న స్టీవెన్స్ పాస్ కనుమ ఎత్తు 4,061 అడుగులు, అక్కడి శిఖరం 5,800 అడుగులకు పైమాట. మౌంట్ రేనియర్ అగ్నిపర్వతానికి ఈశాన్యంగా ఉన్న క్రిస్టల్ మౌంటెన్ పాదమే 4,400 అడుగుల ఎత్తులో ఉంటే, శిఖరం 7,000 అడుగులను దాటుతుంది. స్నో లెవెల్ 3,500 అడుగుల దగ్గర నిలిచిన రోజున స్నోక్వాల్మీ కింది వాలుల మీద వాన కురుస్తుంటే, స్టీవెన్స్ పాస్‌లో తడి మంచు, క్రిస్టల్ పైభాగంలో చక్కని మంచు పడుతుంటాయి. అది 2,000 అడుగులకు దిగిన చలి రోజున మాత్రం ఈ తేడా చాలావరకు మాయమవుతుంది, అప్పుడు రెండు గంటలు కారు నడపడం వృథా. దగ్గరి కొండను చిన్నచూపు చూసేవారు అలాంటి రోజుల్లో అందిన మంచును వదులుకుంటున్నారు.

దీనికి పూర్తి విరుద్ధమైన స్థితి హవాయి దిక్కు నుంచి వచ్చే వెచ్చని తేమ ప్రవాహం. ఇక్కడ దీన్ని ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ అంటారు. శాస్త్రజ్ఞులు ఇలాంటి ప్రవాహాలను వాతావరణ నదులని పిలుస్తారు. అది వచ్చినప్పుడు ఫ్రీజింగ్ లెవెల్ ఏడెనిమిది వేల అడుగులకు ఎగబాకి, పడమటి వాలులలోని అన్ని కేంద్రాల మీదా శిఖరం దాకా వానే కురుస్తుంది. ఆ రోజున మంచి ఎంపిక అంటూ ఏదీ లేదు, ఇంట్లో ఉండటమే మేలు.

ఎత్తు సూత్రానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. చలికాలంలో కాస్కేడ్‌లకు తూర్పున ఉన్న మైదానాల్లో చల్లని బరువైన గాలి పేరుకుంటుంది. పడమట సముద్రం మీద అల్పపీడనం సమీపించినప్పుడు ఆ గాలి కనుమల సందుల గుండా పడమటికి ప్రవహిస్తుంది. దాని వల్ల స్నోక్వాల్మీ, స్టీవెన్స్ కనుమల్లో నేలకు దగ్గరగా చలి, దాని పైన వెచ్చని గాలి ఉండే తలకిందుల అమరిక ఏర్పడుతుంది. సూచన ప్రకారం వాన పడాల్సిన వేళ కూడా కనుమలో గంటల తరబడి మంచు కురవడానికి ఈ తూర్పు గాలే కారణం. పైన వెచ్చని పొర మందంగా ఉంటే అదే అమరిక ప్రమాదకరంగా మారుతుంది. అక్కడ కరిగిన చినుకు కింది చలిలో తాకిన చోటల్లా గడ్డకట్టి, రోడ్డునూ, లిఫ్టు తీగలనూ, మంచు ఉపరితలాన్నీ గాజు పొరతో కప్పేస్తుంది. తూర్పు గాలి ఆగి పడమటి గాలి మొదలైన క్షణాన ఆ చలి ఊడ్చుకుపోయి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు పెరగడం కనుమ మీది పరికరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

స్టీవెన్స్ పాస్‌కు మరో ప్రత్యేక వరం ఉంది. ఒలింపిక్ పర్వతాలను రెండు వైపులా చుట్టివచ్చిన గాలులు వాటికి తూర్పున, ప్యూజెట్ సౌండ్ మీద మళ్లీ ఢీకొని పైకి లేస్తాయి. ఈ సంగమ మండలం తూర్పుకు సాగి కొండలను తాకినప్పుడు, మిగతాచోట్ల ఆకాశం తేటపడుతున్నా స్టీవెన్స్ చుట్టూ మంచు కురుస్తూనే ఉంటుంది. తుపాను వెళ్లిపోయిన మర్నాడు అంగుళాల లెక్కలో ఒక్క కనుమే ముందుండటానికి తరచుగా ఇదే కారణం.

శ్రేణి తూర్పు వైపున, వెనాచీ పట్టణానికి ఎగువన ఉన్న మిషన్ రిడ్జ్ కథ వేరు. పడమటి ముఖం మీదే తేమ చాలావరకు కురిసిపోవడం వల్ల తూర్పు వైపు వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగులుతుంది. పశ్చిమ కనుమలు రుతుపవనాలను అడ్డుకోవడం వల్ల అనంతపురం ఎండిపోయే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అందుచేత మిషన్ రిడ్జ్‌లో మంచు తక్కువగా పడుతుంది కాని, పాదమే 4,500 అడుగులకు పైన ఉండటం, గాలి పొడిగా, చల్లగా ఉండటం వల్ల పడినది తేలికగా ఉండి, ఎక్కువ రోజులు చెడకుండా నిలుస్తుంది. పడమట వాన, గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వచ్చిన వారంలో రెండున్నర, మూడు గంటలు ప్రయాణించి అక్కడికి వెళ్లినవారు నష్టపోవడం అరుదు. ఉత్తర కొసన కెనడా సరిహద్దుకు చేరువలో ఉన్న మౌంట్ బేకర్ స్కీ కేంద్రం దీనికి మరో కొస: 1998–99 చలికాలంలో అక్కడ 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు కురిసి, ఒకే సీజనులో కొలిచిన హిమపాతానికి ప్రపంచ రికార్డుగా నమోదైంది. అక్కడి శిఖరం కూడా 5,100 అడుగులలోపే కనుక, అంత మంచు కురిసే చోట సైతం వెచ్చని రోజున వాన తప్పదు.

స్కీ కేంద్రాలు ఉదయాన్నే ప్రకటించే లెక్కల్లో ప్రధానమైనవి రెండు. మొదటిది గడచిన 24 గంటల కొత్త మంచు. దీన్ని గాలి తగలని చోట పరిచిన తెల్లని పలక మీద కొలిచి, తర్వాత పలకను తుడిచి మళ్లీ పెడతారు. రెండోది నేల మీద పేరుకున్న మొత్తం లోతు. ఇవి రెండూ మంచు నాణ్యతను చెప్పవు. దానికోసం నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ అనే సంస్థ కనుమల్లోనూ, కొండల మీదా వేర్వేరు ఎత్తుల్లో నెలకొల్పిన పరికరాలు గంటగంటకూ ఇచ్చే ఉష్ణోగ్రత, గాలి వేగం, మంచు లోతు వివరాలను చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ నడిపే స్నోటెల్ కేంద్రాలు మరో ఉపకరణం. గడ్డకట్టని ద్రవం నింపిన దిండు వంటి పరికరం మీద పేరుకున్న మంచు బరువును బట్టి అందులో ఎంత నీరుందో అవి చెబుతాయి. లోతు పెరగకుండా నీటి లెక్క మాత్రమే పెరిగితే అక్కడ వాన పడి మంచులోకి ఇంకిందని అర్థం.

ఈ గంటల లెక్కలను వరుసగా చదివితే మంచు పొరల చరిత్ర కళ్లకు కడుతుంది. తుపాను వెచ్చగా మొదలై క్రమంగా చల్లబడితే, ముందు పడిన తడి మంచు కింది గట్టి పొరకు అతుక్కొని, దాని మీద తేలికైన మంచు పరుచుకుంటుంది. ఎనిమిది అంగుళాలే పడినా అది హాయిగా జారే రోజు. తుపాను చల్లగా మొదలై వెచ్చబడితే, తేలికైన పొర మీద బరువైన పొర కూర్చుంటుంది. అప్పుడు ఇరవై అంగుళాలు పడినా స్కీ ముక్కు కింది మెత్తటి పొరలోకి దిగబడి, పై పొర కాలిని పట్టేస్తుంది, మోకాళ్లకు గాయాలయ్యే అవకాశమూ పెరుగుతుంది. వాన పడ్డాక ఆకాశం తేటపడి రాత్రి గడ్డకడితే ఉపరితలం మీద గట్టి పెచ్చు ఏర్పడుతుంది. దాని మీద రెండు మూడు అంగుళాల కొత్త మంచు పడినా స్కీ అంచులు కింది పెచ్చుకు తగిలి గరగరలాడుతూనే ఉంటాయి. ఆ పెచ్చును పూడ్చడానికి కనీసం అడుగు మంచు కావాలి, లేదా రాత్రిపూట యంత్రాలు వాలును దున్ని చదును చేయాలి. గ్రూమింగ్ అని పిలిచే ఈ చదునుపని జరిగిన వాలులే అలాంటి రోజున ఆధారం.

గాలిని మర్చిపోతే పై లెక్కలన్నీ తప్పుతాయి. శిఖరం మీద గాలి బలంగా ఉంటే చెయిర్ లిఫ్టులను ఆపేస్తారు. క్రిస్టల్ మౌంటెన్ వంటి చెట్లు పలచబడిన ఎత్తైన కొండకు ఈ ఇబ్బంది ఎక్కువ, మంచి మంచు ఉన్న పైభాగమే ఆ రోజు అందకుండా పోతుంది. మేఘం కమ్మిన రోజున మంచు, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి వాలులోని ఎగుడుదిగుళ్లు కనిపించవు కనుక, చెట్ల మధ్య సాగే తక్కువ ఎత్తు వాలులే అప్పుడు సుఖం. ఇందుకు భిన్నంగా అధిక పీడనం స్థిరపడిన శీతాకాలపు రోజుల్లో లోయలన్నీ పొగమంచులో మునిగి ఉంటే, దాని పైన క్రిస్టల్ శిఖరం ఎండలో వెలుగుతుంది, 14,410 అడుగుల రేనియర్ ఎదురుగా నిలబడుతుంది. స్కీయింగ్ చేయని పెద్దలు కూడా అక్కడి గొండోలా ఎక్కి పైకి వెళ్లి రావచ్చు కనుక, స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకు వెళ్లేవారికి అలాంటి రోజును మించినది లేదు.

వెళ్లేది ఎవరన్నదాన్ని బట్టి మంచి రోజు నిర్వచనమే మారుతుంది. అనుభవజ్ఞులు కోరుకునే లోతైన కొత్త మంచు తొలిసారి స్కీలు తొడిగినవారికి శిక్ష. నిలబడటమే రాని స్థితిలో మోకాలి లోతు మంచులో పడిలేవడం ఒంట్లో బలాన్నీ, నేర్చుకోవాలన్న ఉత్సాహాన్నీ హరిస్తుంది. తుపాను వెళ్లి రెండు మూడు రోజులై, ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువన నిలిచి, వాలులు చదునైన రోజు వారికి తగినది. ఆ రోజున స్నోక్వాల్మీ చిన్న గుట్టలు చాలు, శిక్షణ తరగతులూ, పిల్లలు ట్యూబుల్లో జారే వాలులూ అక్కడే ఉన్నాయి. తడి మంచు గాని, వాన గాని పడే రోజున చిన్నపిల్లలను తీసుకెళ్లడం మాత్రం ఏ విధంగానూ తగదు, తడిసిన చేతితొడుగులతో వణికిన పిల్లలు మళ్లీ కొండ పేరెత్తరు. నిజానికి చాలామంది ఎంపిక తొలి మంచు పడకముందే సగం అయిపోతుంది. సీజన్ పాసుల్లో ఎపిక్ పాస్ స్టీవెన్స్‌కు, ఐకాన్ పాస్ క్రిస్టల్‌కూ స్నోక్వాల్మీకీ వర్తిస్తాయి కనుక, శరదృతువులో పాసు కొనేటప్పుడే, ఇంటి నుంచి దూరంతో పాటు ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవడం వివేకం.

రోడ్డు స్థితి మంచు స్థితిలో భాగమే. వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ ప్రతి కనుమకూ ఉష్ణోగ్రత, కెమెరా చిత్రాలు, టైర్ల నిబంధనలు ప్రకటిస్తుంది. మంచుకు అనువైన టైర్లు తప్పనిసరి అన్న ఆదేశం ఒక మెట్టు, గొలుసులు బిగించాలన్నది దాని పై మెట్టు. ఐ-90 వెడల్పైన రహదారి కాగా, యు.ఎస్. 2 చాలా దూరం ఇరుకైనది. ఆదివారం సాయంత్రం స్టీవెన్స్ నుంచి తిరుగు ప్రయాణం గోల్డ్ బార్, సుల్తాన్, మన్రో ఊళ్ల మీదుగా నత్తనడకన సాగుతుంది. పెద్ద మంచు కురిసిన ఉదయం కొండచరియల మీది మంచును ముందుగానే పేల్చి దించడానికి ఈ రోడ్లను కొంతసేపు మూసేస్తారు. పని రోజున సెలవు పెట్టగలిగినవారు, లేదా దీపాల వెలుగులో రాత్రి దాకా నడిచే స్నోక్వాల్మీకి సాయంత్రం వెళ్లగలిగినవారు ఈ చిక్కుల్లో చాలావాటిని తప్పించుకుంటారు.

మంచు పొరల వరుస ప్రాణాపాయంతోనూ ముడిపడి ఉంది. 1910 మార్చి 1న, స్టీవెన్స్ పాస్ సమీపంలోని వెల్లింగ్టన్ దగ్గర రోజుల తరబడి మంచులో చిక్కుకుపోయిన రెండు రైళ్ల మీద, వాతావరణం వెచ్చబడి వాన పడ్డాక కొండ మీది మంచుచరియ విరిగిపడి 96 మంది మరణించారు. అమెరికా చరిత్రలో మంచుచరియల వల్ల అంతమంది చనిపోయిన ఘటన మరొకటి లేదు. 2012 ఫిబ్రవరి 19న అదే కనుమకు చెందిన టన్నెల్ క్రీక్ వాలు మీద, స్కీ కేంద్రం సరిహద్దు దాటి వెళ్లిన అనుభవజ్ఞుల బృందంలో ముగ్గురు మంచుచరియ కింద పడి ప్రాణాలు కోల్పోయారు. కేంద్రం సరిహద్దుల లోపల ఈ ప్రమాదాన్ని సిబ్బంది అదుపులో ఉంచుతారు; వెలుపల అడుగుపెట్టేవారు అవలాంచ్ సెంటర్ ఒకటి నుంచి ఐదు వరకు ఇచ్చే ప్రమాద స్థాయిని చదివి, శిక్షణ పొంది ఉండాలి. లోపలైనా, లోతైన మంచు రోజున దేవదారు వంటి చెట్ల మొదళ్ల చుట్టూ కొమ్మల చాటున ఏర్పడే గుంతల్లో తలకిందులుగా పడినవారు ఊపిరాడక చనిపోయే ముప్పు ఉంది. జంటగా, ఒకరికొకరు కనిపించేంత దూరంలో సాగడమే దీనికి రక్షణ.

2014–15 చలికాలం ఈ కొండలకు ఒక హెచ్చరిక. ఆ ఏడు అవపాతం (వాన, మంచు కలిపి) మొత్తం మీద మామూలుకు దగ్గరగానే ఉన్నా, వెచ్చదనం వల్ల అది చాలావరకు వానగానే కురిసింది. స్నోక్వాల్మీ కింది వాలులు చలికాలంలోనే నేల తేలాయి, 2015 మే నెలలో రాష్ట్రమంతటా కరవు పరిస్థితి ప్రకటించారు. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ముందుగా నష్టపోయేది మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న, నగరానికి దగ్గరైన, తక్కువ ఖర్చుతో పిల్లలు నేర్చుకోగల కొండలే. దూరాన ఉన్న ఎత్తైన కొండలు మాత్రమే మిగిలితే ఈ వినోదం సామాన్య కుటుంబాల అందుబాటు నుంచి జారిపోతుంది.

మార్చి చివరి నుంచి మాత్రం లెక్క మారి, కొండ కన్నా గడియారం ముఖ్యమవుతుంది. పగటి ఎండకు కరిగి, రాత్రి చలికి గడ్డకట్టే చక్రం కొన్నాళ్లు సాగితే ఉపరితలం జొన్నగింజల పరిమాణంలో గుండ్రని రేణువులుగా మారుతుంది. తెల్లవారుజామున అది రాయిలా ఉండి, ఎండ తగిలిన గంటా రెండు గంటల్లో పై అంగుళం మాత్రం మెత్తబడి, మధ్యాహ్నానికి బురద అవుతుంది. తూర్పు ముఖం వాలులు ముందు, దక్షిణపువి తర్వాత, పడమటివి చివర మెత్తబడతాయి కనుక, సూర్యుడి వెంట కొండ చుట్టూ తిరిగితే రోజులో ఎక్కువ భాగం మంచి ఉపరితలం దొరుకుతుంది. ఇదంతా రాత్రి గడ్డకట్టడం మీద ఆధారపడింది. ముందు రాత్రి మబ్బు కమ్మి, కొండ మీది ఉష్ణోగ్రత సున్నాకు దిగకపోతే ఉదయం ఏడింటికే మంచు మెత్తగా ఉంటుంది, ఆ రోజున ప్రయాణం మానుకోవడం మంచిది.